పటేలుకు పోసిన నూనె

ఆదివారం పొద్దున కమఠాణ ఊళ్లో మా ఇంటి ముందర ఒక సభ జరుగుతుంది. సభ్యులు ముగ్గురే. నా మొగుడు ఖండప్ప, నా తమ్ముడు శివు, బీదర్ బడిలో డ్రాయింగు చెప్పే నోయల్ సారు. మధ్యలో పటేలు ఉంటాడు. పటేలంటే మనిషి కాదు. మన్నాఏఖేళ్ళిలో ఒక ముసలి కాంట్రాక్టరు దగ్గర మా ఆయన కొన్న పాత డీజిల్ కారు. నడక నెమ్మది, దగ్గు ఎక్కువ, ఎవరికీ దారి ఇవ్వదు గనుక ఆ పేరు పెట్టారు.

పెళ్లిచూపుల్లో పిల్లను కూడా అంత తేరిపార చూడరు. నోయల్ సారు దాని చుట్టూ తిరిగి ప్రతివారం ఒకటే పాఠం చెప్తాడు.

"ఇప్పటి కార్ల మొహాలు జూడుండ్రి. కండ్లు చిట్లించుకొని, నోరు తెర్చుకొని, ఎవన్నో కరవనీకి వస్తున్నట్టుంటయి. అప్పటి కార్లు ఇంటికొచ్చిన సుట్టం లెక్క నిలవడుతుండె. గుండ్రటి దీపాలు, నిండు బుగ్గలు. ఆ షాన్, ఆ దర్జా మళ్ల రాదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. శివు మాత్రం వినే రకం కాదు, వాడు పెట్రోలు మనిషి.

"మొహమేం జేస్కుంటరు సార్? గుండె జూడుండ్రి. మా మామ ఫియట్ స్టార్ట్ జేస్తే ఒళ్లె పండిన పిల్ల లేవకపోతుండె. ఇది పిండిగిర్ని."

"పాట ఇని బండి కొంటార్రా?" అంటాడు మా ఆయన. "చడావు ఎక్కేటప్పుడు ఎవరు లాగుతరో ఆడనే తెలుస్తది. బండికి బలముండాలె, తాఖత్ గావాలె."

"తాఖత్ మంచిదే బావా. పిచ్చి లేస్తేనే కష్టం. పెట్రోల్ బండి చాబి తీస్తే సస్తది. డీజిల్‌కు పిచ్చి లేస్తే చాబి తీసినా ఆగది. తన నూనె తానే తాగుకుంట ఉరుకుతది. గాలి రాకుంట గొంతు మూస్తెనే ఆగుతది."

ఈ మాట వాడు ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. నాన్నా పులి కథలో పిల్లాడి అరుపులాగే అందరూ నవ్వి చాయ్ తాగేవారు. నేనూ నవ్వాను. నవ్వినా, ఆ గొంతు మూయడమనే మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

నాకు పటేలు అంటే మొదటి నుంచీ గిట్టదు. గిట్టకపోవడానికి కారణం ఆ నూనె. కారపున్నమి పండుగకు ఎడ్లను పరుగుకు దింపే ముందు మా ఆయన తండ్రి వాటి నోరు ఎత్తిపట్టి, వెదురుగొట్టంతో నూనె, కోడిగుడ్లు పోసేవాడు. ఎంత పోస్తే అంత బలం అని లెక్క. మా ఆయన ఆ గొట్టాన్ని పట్టుకుని పెరిగిన మనిషి. ఇంజన్‌లో నూనె చూసే కడ్డీ మీద ఒక గీత ఉంటుంది, అది దాటొద్దని కడ్డీయే చెప్తుంది. ఈయన బండిని ఊరేగించాలనుకుంటే చాలు, గీత దాటించి డబ్బాలో ఉన్నంతా వంపుతాడు. "గీత జూసి ఎద్దుకు పోస్తరా ఎవరన్న?" అంటాడు. కాకిపిల్ల కాకికి ముద్దు, నేనేం అనగలను?

అది చాలదన్నట్టు నోయల్ సారు ఒక అందం తెచ్చాడు. ఇంజన్ గాలి పీల్చే చోట, లోపలి నుంచి ఎగిరొచ్చే నూనెను పట్టి ఆపే పాతకాలపు నల్లడబ్బా ఉండేది. బానెట్ ఎత్తితే కంట్లో నలుసులా ఉందని దాన్ని తీయించి, గిన్నెలా మెరిసే కొత్త ఫిల్టరు పెట్టించాడు. అందరూ దానిలో మొహాలు చూసుకుని మురిసిపోయారు.

ఆ తరువాతే నాకు భయం మొదలైంది. ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాక కూడా పటేలు రెండు మూడుసార్లు దగ్గి, ఒళ్లు విదిలించుకుని, అప్పుడు ఆగడం మొదలుపెట్టాడు. వెనక పొగ నీలంగా వచ్చేది. ఒకరోజు అడిగాను.

"చాబి నీ చేతులుంటే అదెట్ల నడుస్తాంది?"

"దానికింక పోవాలని ఉన్నదే," అన్నాడు ముద్దుగా.

మా కూతురు విద్యది డిగ్రీ చివరి సంవత్సరం. దానికి పటేలు నడపాలని మూడేళ్లుగా ఆశ. బండి మీద ఆశ కంటే నాయిన ఆ సభలో తననూ ఒక మనిషిగా లెక్కపెట్టాలన్న ఆశ ఎక్కువ అని తల్లిగా నాకు తెలుసు. ఆయనేమో, "పటేలు చేతుల బలమున్నోళ్ల మాటనే ఇంటడు బిడ్డా," అని తోసేసేవాడు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఏమనిపించిందో తాళంచెవి దాని చేతిలో పెట్టాడు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. వద్దనాల్సింది, ఆ మొహం చూసి క్యానులో నీళ్లు పట్టడానికి పోయాను.

ఊరి బయట ఎర్రరాయి కోసి వదిలేసిన గుంత ఉంది. అవతలి పక్క గోడ కోసినట్టు నిలువుగా, మిరపపొడి రంగులో ఉంటుంది. అది వెనక కనబడేలా ఇవతలి అంచున బండిని నిలబెట్టి ఫోటో తీస్తే పాత కాలం కనబడుతుందని నోయల్ సారు ముచ్చట. మేం శివు జీపులో ముందుగా పోయాం. ఎండకు నీళ్లు కాగకుండా క్యానుకు తడి గోనెసంచి చుట్టి పట్టుకెళ్లాను. విద్య ఒక్కతే పటేలును నడుపుకుంటూ వచ్చింది. నిజం చెప్పాలంటే బాగానే నడిపింది.

బండి మూతి మా వైపు, వెనక గుంత. ఫిల్టరు మెరుపు కూడా ఫోటోలో పడాలని బానెట్ ఎత్తారు. దానితో విద్య మాకు, మేము విద్యకు కనబడకుండా పోయాం.

"విద్యా, జర యెనుకకు," అన్నాడు నోయల్ సారు ఫోను ఎత్తి పట్టుకుని. "ఎర్రగోడ మొత్తం రావాలె."

రివర్స్ గేరు పడిన చప్పుడు వినబడింది. ఆ గేరు పడిందంటే ఒక పట్టాన ఊడదు. ఎత్తి, వంచి లాగే మెళకువ మా ఆయన చేతికొక్కదానికే తెలుసు. బాగుచేయించమంటే, పాత బండికి ఆ మాత్రం మర్యాద ఉండాలనేవాడు.

ఇంజన్ గొంతు పెరిగింది.

"అద్గదీ," అన్నాడు మా ఆయన. "ఇనుండ్రి తాఖత్."

ఇంకా పెరిగింది. నోయల్ సారు వీడియో మొదలుపెట్టాడు. మా ఆయన కళ్లు మూసుకుని పాట వింటున్నట్టు తల ఆడిస్తున్నాడు. "ఎట్ల తొక్కుతాందో చూడు నా బిడ్డ," అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ శబ్దం తొక్కితే వచ్చేది కాదని శివుకు అర్థమైంది, వాడి మొహం చూశాను. ఏళ్ల తరబడి పులి అని అరిచి, అది నిజంగా వచ్చేసరికి వాడు బిగుసుకుపోయాడు.

నేను పక్కకు ఉరికి కిటికీలోంచి చూశాను. విద్య రెండు కాళ్లూ క్లచ్ మీద, బ్రేకు మీద బిగబట్టి ఉంది. యాక్సిలేటరు మీద కాలే లేదు. ఎడమ చెయ్యి గేరుకడ్డీని గుంజుతోంది, అది రావడం లేదు. కుడిచెయ్యి నా వైపు ఎత్తింది. ఆ చేతిలో తాళంచెవి ఉంది.

తాళం తీసేసింది. బండి అరుస్తూనే ఉంది.

"అమ్మా, కాలు వణుకుతాంది," అంది. ఆ హోరులో పెదవులు చూసి తెలుసుకున్నాను. క్లచ్ మీద కాలు వణికినప్పుడల్లా చక్రం గుంత వైపు కొంచెం జరుగుతోంది. వెనక నీలిపొగలో అంచు ఎక్కడుందో కనబడటం లేదు.

నాకు ఆ క్షణంలో దేవుడు గుర్తురాలేదు, శివు కూతలే గుర్తొచ్చాయి. క్యాను మీది తడిసంచి లాగి, బండి ముందుకు పోయి, ఆ మెరిసే గిన్నెను దానితో మూతి కట్టినట్టు రెండు చేతులా అదిమాను. అది సంచిని లోపలికి గుంజుకుంది. నా చేతులను కూడా గుంజుకుంటుందేమోనని భయమేసింది. వదల్లేదు. ఒళ్లంతా ఒక్కసారి కుదిపి, గొంతు పూడుకుపోయి, పటేలు చచ్చాడు.

అప్పుడు మా ఆయన ఉరికొచ్చాడు. ఉరికొచ్చి ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు. "జామ్ గాలె గదా?" అని శివును అడిగాడు. అద్దం అవతల విద్య ఆ మాట విన్నది. వెనక చక్రానికీ అంచుకూ మధ్య నా కొంగు పరిచేంత జాగా ఉంది. ఆ రోజు నేను ఆ మనిషిని అసహ్యించుకున్నాను.

ఇదంతా జరిగాక బుద్ధి వస్తుందనుకుంటారు ఎవరైనా. ఇంజన్ విప్పించాడు, బాగుచేయించాడు. కనబడినవాళ్లందరికీ నోయల్ సారు వీడియో చూపించాడు. "చాబి తీసినా ఆగలె, అది డీజిల్ అంటే," అనేవాడు. ఆ వెంటనే, "నా బిడ్డను జూడుండ్రి. ఏడ్వలె, దుంకలె. బ్రేకు మీద కాలు తియ్యలె. చేతుల బలం అంటే అది," అనేవాడు. విద్యను ఆయన పదిమందిలో మెచ్చుకోవడం అదే మొదలు. అది వింటూ పిల్ల తలుపు చాటున నిలబడేది. ఆ మెప్పు దాని కళ్లలో చేరడం చూసి నాకు గుంత దగ్గర కంటే ఎక్కువ భయమైంది.

"ఇగ దాని జోలికి పోనని ఒట్టెయ్యి," అన్నాను.

"నాయినకు నచ్చిందమ్మా," అంది. ఒట్టు వేయలేదు.

తాళంచెవిని జొన్నల డబ్బాలో అడుగున దాచాను. ఆయన వెతికి, నన్ను తిట్టి, ఊరుకున్నాడు.

ఈ ఆదివారం పొద్దున వాకిట్లో గడగడమని నూనె వంపుతున్న చప్పుడుకు బయటికొచ్చాను. "గీత చూసినవా?" అన్నాను. ఆయన డబ్బా తలకిందులు చేసి చివరి బొట్టు దాకా కారనిచ్చాడు. చాబి నా దగ్గరుంది గదా అన్న ధీమాతో లోపలికొచ్చి చాయ్ పెట్టాను. బయట నోయల్ సారు గొంతు, శివు గొంతు వినబడుతున్నాయి. రొట్టెల పిండికని జొన్నల డబ్బా తెరిచాను. గింజల మీద గుంట పడి ఉంది, వేళ్లతో కెలికినట్టు. అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాను. తాళంచెవి లేదు, ఇంట్లో విద్యా లేదు.

బయట పటేలు లేచాడు. కొంచెంసేపు దడదడమని మామూలుగానే ఉన్నాడు. తరువాత గొంతు పెరగడం మొదలైంది. అది విద్య తొక్కడం వల్లనో, దానంతట అదేనో వంటింట్లో ఉన్న నాకు తెలియలేదు. "అద్గదీ, ఇనుండ్రి," అంటున్నాడు మా ఆయన. గోనెసంచి దండెం మీద ఎండి బిరుసెక్కి ఉంది. దాన్ని గుంజి, నీళ్ల తొట్టిలో ముంచి, నానేదాకా ఆగలేక పరుగెత్తాను.