సిలోను ఆలివు మొలక

నా భార్య తాయారమ్మ పోయిన వానాకాలంలోనే పెరట్లో ఆలివు చెట్టూ పోయింది. ఇంటి చెట్టు కొమ్మ ఒకటి కాష్టంలో పడాలని మావాళ్ల ఆచారం. ఊళ్లో అయితే మామిడి కొడతారు. రంగంలో, అదే రంగూన్‌లో, ఈ సంచౌంగ్ పేట ఇంట్లో, మాకున్నది ఆ ఒక్క చెట్టే. కట్టెలన్నీ తడిసిపోయాయి, కొమ్మ చాలదన్నారు. మొదలంటా కొట్టేశారు.

సేక్కాన్ రేవులో నేను బస్తాలు మోసే రోజుల్లో సిలోను ఓడవాడొకడు ఆ కాయలిచ్చాడు. తాయారమ్మ ఉప్పూకారం అద్దుకు తిని, టెంక పెరట్లోకి ఊసింది. అదే చెట్టయింది.

ఈ ఏడు తొలకరికి పెరడంతా మొలకలు లేచాయి. వాటిలో ఒక్కటైనా దాని పిల్ల ఉంటే చాలనుకున్నాను. తాయారమ్మ తమ్ముడు అచ్చెన్నని పిలిచాను.

"ఏటి బావా, గడ్డి పీకడానికా పిలిచావు?"

"చూడు."

గొంతుక్కూర్చున్నాడు. ఆకు నలిపి వాసన చూశాడు.

"నేరేడు. ఇదీ నేరేడే. ఊళ్లో కాకులన్నిటికీ నీ పెరడే దొరికింది గావాల."

ఆలివు ఆకు అంచున సన్నటి పళ్లుంటాయి. నేరేడు అంచు నున్నన. ఒక్కొక్కటే చూసి పీకి పారేశాం. చివరికి మొద్దు పక్కన ఒక్కటి మిగిలింది. జానెడు కూడా లేదు. అంచున పళ్లున్నాయి.

"ఇదే బావా! మా అప్ప చెట్టే!"

"నిజంగా?"

ఒకసారి చెప్పిన మాట నేను మళ్లీ అడగను. ఆ రోజు అడిగాను.

"అనుమానమైతే టెంక చూద్దాం. రుద్రాక్షలాగ గరుగ్గా ఉంటాది గదా."

"పీకకు."

"పీకన్లే. యేలితో మట్టి తీస్తాను."

మెల్లగా తీశాడు. విచ్చిన టెంక బయటపడింది. రుద్రాక్షలాగే ఉంది. అచ్చెన్న నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు.

"చిన్నప్పుడు నా చేతిలో ఏ కాయున్నా లాక్కుని తినీసేది బావా. ఇదిగో, పట్టుకో."

టెంక తీసి నా చేతికివ్వబోయాడు. దాని పగులులో వేరు ఇరుక్కుని ఉంది. టుక్కుమని తెగింది.

అచ్చెన్న మొలకని మళ్లీ పాతి, చుట్టూ మట్టి అదిమాడు.

"బతుకుతాదిలే బావా."

నేను నీళ్లు పోశాను.

వాన తెరిపిచ్చి ఎండ కాయగానే వాలిపోయింది. ఆ చెట్టు ఆకు ముదిరితే ఎర్రబడి రాలేది. దీనికి అంత వయసు లేదు. పచ్చగానే ముడుచుకుంది.

అచ్చెన్న పెరట్లోకి రావడం మానేశాడు. వీధిలోంచే, "బావా, ఉన్నావా?" అంటాడు. ఉన్నానంటాను.

టెంక మొద్దు పక్కనే పూడ్చాను. ఖాళీ టెంక మొలవదని నాకు తెలుసు. పొద్దున్నే చెంబుడు నీళ్లు పోస్తున్నాను.