రెండో చాప

నేను ఒక చాపని. పడుకోవడానికి పరిచేదాన్ని కాదు, తొక్కించుకోవడానికి పుట్టినదాన్ని. టీవీకి తగిలించి ఇంట్లో ఆడుకునే డాన్సు ఆట ఒకటుంది. తెర మీద బాణాలు పాకుతూ వస్తాయి. పాట దరువు తప్పకుండా చాప మీది అదే బాణాన్ని కాలితో నొక్కాలి. బాణాలు ఎటు చెబితే అటు కాలు వెయ్యడాన్ని మనుషులు నాట్యమంటారు. నాకేం అభ్యంతరం లేదు.

ఎక్కడో చైనాలో నన్ను కుట్టినవాళ్ళు నా లోపల రెండు పల్చటి పొరలు పెట్టి, వాటి మధ్య కావాలనే కాస్త ఖాళీ వదిలారు. అడుగు పడితే పొరలు తాకుతాయి. తీగ గుండా కబురు వెళ్తుంది. అడుగు లేస్తే మళ్ళీ విడిపోతాయి. నేనున్నానని నాకు తెలిసేది నా మీద ఇంకొకరి బరువు ఉన్నంతసేపే.

కోఠీలో, గుజరాతీ గల్లీలో ఒక దుకాణానికి చేరాను. కొనడానికి ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఒకే ఆఫీసులో పనిచేస్తూ, చిక్కడపల్లిలో ఒక మేడ మీది వాటాలో కలిసి ఉంటున్నారు. కుసుమది మొవ్వ దగ్గర పల్లె, షాహీన్‌ది కర్నూలు. ఒక్క చాప చాలంది కుసుమ.

"ఒక్కటి ఇయ్యనీకి రాదమ్మా, డబ్బాల రెండొస్తయ్. ఒక్కదానివే ఎగురుతవా ఏంది?" అన్నాడు దుకాణదారు.

"రెండూ కట్టన్నా. దీన్ని ఒక్కదాన్నే వదిలితే మిద్దె కూలిపోతాది," అని నవ్వింది షాహీన్.

అలా నేను షాహీన్ చాపనయ్యాను. ఆమెకి నాట్యం రాదు. బాణం వెళ్ళిపోయాక వచ్చే కాలు ఆమెది. కుసుమ చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. నేర్చినవాళ్ళు ఆడే ముందు నేలకి మొక్కుతారు, తొక్కబోతున్నందుకు క్షమించమని. కుసుమ కూడా రోజూ వంగి, తన చాపని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేది. చాపకి చెయ్యి ఏదో, కాలు ఏదో తెలియదు. ఆ తాకిడికి తెర మీద ఎంచుకున్న పాట మారిపోయేది.

"చూడే, నువ్వు మొక్కినావు, మళ్ళా ఆ నత్తనడక పాటే వచ్చె!"

"అలవాటే. మొక్కకుండా కాలు పెడితే ఒళ్ళు ఒప్పుకోదు."

"అది ప్లాస్టిక్కే తల్లీ!"

"అయితే మాత్రం?"

నాకెవరూ మొక్కలేదు. ఆ వేళ్ళు ఎంత తేలికగా ఉంటాయో అని మాత్రం అనుకునేదాన్ని.

ఇద్దరికీ ఇష్టమైన పాట ఒకటుండేది. చివర్లో డోలు ఆగి ఒక్క వేణువే మిగులుతుంది. అక్కడికి వచ్చేసరికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి రొప్పుతూ నవ్వేవాళ్ళు. కింది వాటా నుంచి ఇంటామె యాదమ్మ గొంతు వినిపించేది: "ఏంది బిడ్డా, మీద కారం దంచుతున్నరా?"

షాహీన్‌కి బెంగళూరు బదిలీ అయింది. "నా చాప మడిచిపెట్టొద్దే. వస్తాంటా," అని వెళ్ళింది. మొదట్లో వచ్చింది. తర్వాత ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత ఫోన్లన్నీ కుసుమ చేసినవే.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కుసుమ మా ఇద్దర్నీ పక్కపక్కనే పరిచేది. ఆటగాళ్ళు ఎంతమందని తెర అడుగుతుంది. పైన "ఒక్కరు", దాని కింద "ఇద్దరు". ఇంకా కింద మూడో వరస కూడా ఉండేది కానీ, అవసరం రాలేదు కనక ఎవరూ చదవలేదు. కుసుమ "ఇద్దరు" దగ్గరే ఆగేది. "ఒక్కరు" అని నొక్కడానికి ఆమె కాలు వెళ్ళేది కాదు. ఈ ఆటలో ఒకరు పూర్తిగా ఓడితే పాట ఇద్దరికీ ఆగిపోతుంది. నా బాణాలన్నీ తొక్కేవాళ్ళు లేక దాటిపోయేవి. ఆమె ఎంత బాగా ఆడినా పాట సగంలో తెగిపోయేది. నావల్లే. ఆమె మళ్ళీ మొదలుపెట్టేది. వేణువు దాకా ఎన్నడూ వెళ్ళలేదు.

ఒక ఆదివారం షాహీన్‌తో మాట్లాడుతూ కుసుమ, తేలిగ్గా అన్నట్టే అంది: "నీ చాప ఇంకా పరిచే ఉందే."

"ఇంకానా! ఎవురికన్నా ఇచ్చేయే. నాకు యాడుంది తీరిక?" ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో.

ఫోను పెట్టేశాక కుసుమ చాలాసేపు మా ముందు కూర్చుంది. టీవీలో "ఇద్దరు" అన్న మాట వెలుగుతూనే ఉంది. వీధిలో పాత సామాన్ల బండివాడి కేక వినిపించింది. ఆమె లేచి నా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. బండికి ఇచ్చేముందు ఒకసారి, మొదటిసారి, నాకు మొక్కింది. వేళ్ళు నా మీద కిందికి చూపే బాణాన్ని తాకాయి.

తేలికగా లేవు.

తెర మీది వెలుగు మూడో వరసకి జారింది. ఆమె చూడలేదు. నన్ను మడవబోయి మూల పట్టుకుంది. ఆట మొదలుపెట్టే మీట ఆ మూలలోనే ఉంటుంది.

ఎప్పటి పాటే. డోలు మోగింది. కుసుమ తలెత్తింది. ఇద్దరి ఆటలో తెరని రెండుగా చీల్చే గీత మధ్యలో లేదు. తెరంతా ఒకరికే: రెండు చాపల బాణాలూ ఒకే మనిషి తొక్కాలి.

మొదటి బాణాలు తప్పాయి. ఆమె తన చాప మీదికి ఎక్కింది. రెండడుగులు అక్కడ వేశాక బాణం నా వైపు వచ్చింది. కాలు గాలిలో ఆగింది. ఇది పక్కవాళ్ళ చోటు. తర్వాత నా మీద దిగింది.

నా పొరలు తాకాయి. షాహీన్ కాలు ఎప్పుడూ ఆలస్యంగా, ధడాలున పడేది. ఇది మడమ కొసతో వేళకి దిగింది. నేను కొత్తగా మొదలైనట్టు అనిపించింది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఆమె పెదవులు బిగిసి ఉన్నాయి, కళ్ళు నిండి ఉన్నాయి, దరువు మాత్రం తప్పలేదు. కేక వేస్తూ బండి వీధి దాటిపోయింది.

డోలు ఆగింది. వేణువు వచ్చింది. వాలడానికి భుజం లేక, ఆమె ఒక కాలు నా మీద, ఒక కాలు తన చాప మీద ఉంచి నిటారుగా నిలబడి చివరిదాకా విన్నది.

కింద నుంచి యాదమ్మ కేకేసింది. "ఏం బిడ్డా, చానా దినాలకు ఇద్దరి సప్పుడైతుంది! షాహీన్ వచ్చిందా?"

కుసుమ రొప్పుతూనే గొంతు పెంచింది.

"లేదాంటీ," అంది. "నేనొక్కదాన్నే."