సింధూరి ఇంటర్వ్యూ

మన బెజవాడలో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరడమంటే ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కరస్పాండెంట్ గారి బీరువాలో పెట్టేయడమే. మధ్యలో ఎంత బతిమాలినా ఇవ్వరు. రాజీనామా ఇస్తేనే చేతికొస్తాయి. పటమటలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న రాజ్యలక్ష్మికి ఈ సంగతి తెలియదా? శుభ్రంగా తెలుసు. తెలిసే రాజీనామా రాసిచ్చింది, పిచ్చి మాలోకం!

ఎందుకంటారా? వియత్నాంలో వేసవి క్యాంపు. రెండు నెలలు అక్కడి పిల్లలకి ఇంగ్లీషు చెప్పాలి, విమానం టిక్కెట్టు వాళ్ళదే. బెంజ్ సర్కిల్ దగ్గర కొత్తగా ఏజెన్సీ తెరిచిన లక్ష్మీకాంత్ ఫోన్ చేసి చెప్పాడు. వాడు ఆవిడ దగ్గర ఏడో తరగతి చదివినవాడే. "ఫైల్లో మొదటి పేరు మీదే మేడమ్. ఒరిజినల్స్ పట్రండి చాలు," అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఆవిడ విమానం ఎక్కిన పాపాన పోలేదు. డాబా మీద బట్టలారేస్తూ గన్నవరం వైపు దిగే విమానాల్ని చూడ్డమే. అలాంటి మనిషి ఆ మాట విని ఆగుతుందా?

కరస్పాండెంట్ రామకోటేశ్వరరావు గారు రాజీనామా కాగితం చూసి, "జూన్‌లో మళ్ళీ తీసుకుంటామని మాత్రం ఆశ పెట్టుకోకండమ్మా," అని ముందే చెప్పేశారు. అయినా ఆ ఆదివారమే కొండపల్లి వెళ్ళి, అక్కడి పిల్లలకి చూపించడానికని బొమ్మలు కొనుక్కొచ్చింది.

అదే స్కూల్లో చిన్న తరగతులు చెప్పే సింధూరి కూడా రాజీనామా ఇచ్చి ఏజెన్సీలో పేరు రాయించుకుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. కాగితం మీద ఇంగ్లీషు బాగానే రాస్తుంది గానీ నోరు తెరిస్తే వణుకు. రాజ్యలక్ష్మే రోజూ సాయంత్రం ఏజెన్సీలో దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించింది. సొంత కూతురికి కూడా అంత ఓపిగ్గా చెప్పి ఎరగదు.

సింధూరి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ రోజున ఆ పిల్లకి చెమటలు పట్టేశాయి. ఒక్క ముక్క బయటికి రాదు. లక్ష్మీకాంత్ వచ్చి రాజ్యలక్ష్మి చేతులు పట్టుకున్నాడు.

"నెట్ బాలేదని చెప్పి కెమెరా ఆపేయిస్తాను మేడమ్. మీ ఇంటర్వ్యూ ఎల్లుండి. ఈ ఒక్క పూటా దీని బదులు మీరు మాట్లాడి పుణ్యం కట్టుకోండి. అందరూ చేసేదేనండీ."

తప్పని తెలుసు. కానీ సింధూరి కళ్ళనీళ్ళు చూసి కరిగిపోయింది. పైగా, ఉన్నమాట చెప్పుకోవాలి, తన ఇంగ్లీషు పరాయి దేశంలో ఎవరో వింటారంటే లోపల కాస్త గర్వం కూడా. నలభై నిమిషాలు దంచికొట్టింది. అటువైపు హెడ్మిస్ట్రెస్ మురిసిపోయి, "సింధూరీ, మా పిల్లలకి నీలాంటి టీచరే కావాలి," అంది.

ఆ ఎల్లుండి రానేలేదు. మూడు వారాలు గడిచాయి. లక్ష్మీకాంత్ ఫోన్ ఎత్తడు, సింధూరి మెసేజీలకి జవాబివ్వదు. చివరికి రాజ్యలక్ష్మి ఏజెన్సీకే వెళ్ళి నిలదీస్తే అప్పుడు నోరు విప్పాడు.

"ఉన్నది ఒక్కటే పోస్టు మేడమ్. సింధూరి నిన్ననే ఫ్లైట్ ఎక్కింది. వాళ్ళు ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళనే అడిగారండీ."

"ఎప్పుడడిగారు?"

"మొదట్నుంచీ."

"మరి నా చేత రాజీనామా ఎందుకు ఇప్పించావురా?"

"మీరూ వెళ్తున్నాననుకుంటేనే కదండీ, రోజూ వచ్చి నేర్పుతారు."

"దానికి తెలుసా ఇదంతా?"

వాడు టేబుల్ మీద కాగితాలు సర్దాడు. "తను నింపిన ఫారంలోనే ఉంది కదండీ. మీకు చెప్పొద్దని తనే అంది."

వీడంటే వ్యాపారం చేసుకునేవాడు, పోనీ. కానీ ఆ పిల్ల! తన క్యారేజీలో అన్నం తిని, "మీరు నాకు అమ్మలాంటివారు మేడమ్" అన్న పిల్ల ఇంత పని చేస్తుందా? రాజ్యలక్ష్మి ఒరిజినల్స్ కవరు వెనక్కి తీసుకుని, చంకలో పెట్టుకుని ఇంటిదాకా ఆ ఎండలో నడిచే పోయింది. ఆటో పిలవాలని కూడా తోచలేదు.

నాలుగో రోజు పొద్దున్నే ఫోను. సింధూరి. ఒకటే ఏడుపు.

"తిట్టండి మేడమ్, పెట్టేయకండి. పావుగంటలో మొదటి క్లాసు. ఇంటర్వ్యూలో మాట్లాడినట్టు మాట్లాడవేంటని హెడ్మిస్ట్రెస్ అడుగుతోంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. మీరు చెబుతుంటే నేను అనేస్తాను."

రాజ్యలక్ష్మి ఫ్రిజ్ మీదున్న కొండపల్లి బొమ్మల వంక చూసింది. ఇరవై రెండేళ్ళ అలవాటు, పాఠం నోటిదాకా వచ్చేసింది కూడా. మింగేసింది.

"ఆ రోజు మాట్లాడింది ఎవరమ్మా?"

"టైమైపోతోంది మేడమ్!"

"నిన్నే అడుగుతున్నాను."

"మీరే మేడమ్."

"హెడ్మిస్ట్రెస్ నీ పక్కనే ఉందా?"

"ఉందండీ."

"అయితే ఆ మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పు. వింటుంటాను, తప్పులుంటే దిద్దుతాను."