తిరగేసిన వాక్యం

అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కంపోజిటరు కూతుర్ని అందరూ కామా అని పిలిచేవారు. మాటకు ఫుల్‌స్టాప్ పెట్టడం ఎరగని పిల్ల మరి! అయిదేళ్లకే చదవడం, రాయడం వచ్చేశాయి. నేర్పింది తండ్రే. ఆయన బడి గుమ్మం తొక్కినవాడు కాదు, సీసపు అక్షరాలు పేర్చీ పేర్చీ చదువు నేర్చుకున్నాడు. సీసం మీద అక్షరం తిరగబడి ఉంటుంది, కాగితం మీద పడితేనే సరిగ్గా కనిపిస్తుంది. ఆ సీసాన్ని చూసి దిద్దిన పిల్ల కుడి నుంచి ఎడమకి, అద్దంలో కనబడ్డట్టు రాసేది. రోజంతా తిరగబడ్డ అక్షరాలే చూసే తండ్రికి అందులో తప్పే కనిపించలేదు.

"రాయడం వస్తే రెండో తరగతి, రాకపోతే ఒకటో తరగతిలో అఆలు," అన్నాడు మాస్టారు, బడిలో చేర్చిన రోజు. రెండో తరగతి బీరువా నిండా కథల పుస్తకాలే. కామా ప్రాణమంతా ఆ బీరువాలోనే ఉంది.

"నీకొచ్చిందేదో రాయమ్మా."

కామా సుద్దముక్క అందుకుని, బోర్డు కుడి అంచున మొదలుపెట్టి ఒక వాక్యం చకచకా రాసేసింది. పిల్లలు గొల్లుమన్నారు. మాస్టారి మొహం ఎర్రబడింది.

"వేళాకోళంగా ఉందా? ఏమిటీ కోడిగీతలు? ఎవరే నీకు నేర్పింది?" అని గుమ్మంలో నిలబడ్డ తండ్రివైపు తిరిగాడు. "మీరేనా? మీకే రానిది పిల్లకి నేర్పడమెందుకండీ? దాని బతుకుతో ఆటలా?"

తండ్రి తల దించుకుని, సిరా చేతులు వెనక్కి దాచుకున్నాడు. అయ్యో, నాన్న తల దించుకోవడం ఎన్నడూ చూసిన పిల్ల కాదు! కామా బీరువా వైపు ఒక్కసారి చూసింది.

"నాన్న కాదండీ! నాకెవరూ నేర్పలేదు. నాకసలు అక్షరాలే రావు. ఊరికే గీశాను."

"అలా చెప్పు మరి! వెళ్లి ఒకటో తరగతిలో కూర్చో." మాస్టారు డస్టర్ తీశాడు.

"ఒక్క నిమిషం ఆగండి సార్." తండ్రి లోపలికొచ్చాడు. కుడివైపు నుంచి ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి పైకి చదివాడు: "నాకు రాయడం నేర్పింది మా నాన్న."

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు మెడ వంచి బోర్డుకేసి చూశాడు. ఆయనకీ అర్థమైంది. అయినా దిగిరావడానికి మనసొప్పాలిగా!

"తిరగేసి రాస్తే రాసినట్టు కాదు," అని తుడిచేశాడు.

కామా అఆల వరసలోకి వెళ్లి కూర్చుంది. తండ్రి చేతులు దాచుకోవడం మరిచిపోయి ఆ ఖాళీ బోర్డు ముందే నిలబడిపోయాడు.