మరిది మూసిన కన్నం

బస్సు డిపోలో ఆ మెకానిక్ చేతుల మీదుగా వెళ్లిన బండి ఒక్కటి కూడా పొగ కక్కి ఎరగదు. ఈ సంగతి అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు. అలాంటివాడికి వదిన తాను రిమోట్‌తో ఎగరేసే బుల్లి విమానం ఇంజిన్ అప్పగించేసరికి ఇక అతని కాళ్లు నేల మీద నిలవలేదు.

వదిన నర్సు. డ్యూటీ దిగివచ్చి, భోజనాల బల్ల మీద తేలిక చెక్కతో రెక్కలు చేసుకునేది. ఊరి బయట మైదానంలో సొంతంగా విమానం ఎగరేయాలంటే అక్కడి పర్యవేక్షకుడి ముందు పరీక్ష నెగ్గాలి. ఆమె అప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ విమానం ముక్కు పైకెత్తగానే ఇంజిన్ గుటుక్కుమంది. మొదటిసారి రెక్క విరిగింది. రెండోసారి చక్రాలు ఊడాయి. ఈసారీ తప్పితే వానలన్నీ వెలిసి మైదానం మళ్లీ తెరిచేదాకా ఆగాలి. అన్నాళ్లు ఆగడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

పరీక్ష రోజు ఉదయం బల్ల మీద విమానం ముక్కుకి బిగించే పంకాలు పరుచుకుని ఇద్దరూ వాదులాడుకున్నారు.

"రేకులకి వాలు ఎక్కువున్నది పెడదాం వదినా. రివ్వున పోతుంది."

"పోయి ఎక్కడ పడుతుంది? నాకు పరుగొద్దు, నెమ్మదిగా లాగేది కావాలి. ఆ పొడుగుది, వాలు తక్కువున్నది పెట్టు."

"అంటే, ఎత్తు ఎక్కేటప్పుడు ఫస్ట్ గేర్ లాగా అన్నమాట!"

ఉపమానం తనదే కాబట్టి మెకానిక్ వెంటనే ఒప్పేసుకున్నాడు. పంకా బిగిస్తుంటే వదిన చూపు సైలెన్సర్ మీద పడింది.

"ఇక్కణ్ణుంచి టాంకుకి సన్న గొట్టం ఉండాలే! ఈ మర ఏంటి?"

"మొదటి పరీక్షకి ముందే గొట్టం పీకేసి కన్నం నేనే మూశా," అన్నాడు గర్వంగా. "ఏ బుద్ధిమంతుడు చేశాడో, పొగని తీసుకెళ్లి టాంకులోకి పంపిస్తున్నాడు! మా డిపోలో అయితే చెవి మెలిపెట్టేవాణ్ణి."

వదిన కుర్చీలో కూలబడింది.

"సెలైన్ సీసా మంచం కింద పెడితే మందు ఎక్కుతుందా?"

"ఎలా ఎక్కుతుంది?"

"ముక్కు పైకెత్తితే టాంకు ఇంజిన్ కంటే కిందికి పోతుంది. అప్పుడు ఇంధనాన్ని పైకి తోసేది ఆ పొగే నాయనా!"

మెకానిక్‌కి అప్పుడు వెలిగింది. రెండుసార్లు వదిన కష్టాన్ని నేలపాలు చేసింది తన తెలివే. తిడుతుందని తల వంచుకున్నాడు. ఆమె మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

గొట్టం మళ్లీ తగిలించి మైదానానికి వెళ్లారు. ఇంజిన్ గొంతెత్తగానే అలవాటు కొద్దీ పొగ ఆగేదాకా, ఇంధనాన్ని తగ్గించే సూది మర బిగించబోయాడు.

"వదులు చెయ్యి," అంది వదిన.

"పొగొస్తుంది వదినా!"

"రానీ. దీనికి తాగించే ఆముదం ఇంధనంలోనే కలిసుంది. పొగ లేదంటే లోపల ఎండిపోతున్నట్టు."

కళ్లు గట్టిగా మూసుకుని మర వదులు చేశాడు. జీవితంలో మొదటిసారి తన చేత్తో పొగ పుట్టించాడు.

విమానం లేచింది, ముక్కెత్తింది. ఇంజిన్ ఆగలేదు! తెల్లటి పొగ చార వదులుతూ మైదానం చుట్టూ తిరుగుతుంటే మెకానిక్ డిపో పరువు మరిచిపోయి గంతులేశాడు.

"చాలు, దించండి," అన్నాడు పర్యవేక్షకుడు. వదిన వింటేగా! ముఖం వెలిగిపోతుంటే ఇంకో చుట్టు, మరో చుట్టు తిప్పింది. చివరికి ఇంధనం అయిపోయి ఇంజిన్ చప్పున ఆగిపోయింది.

మెకానిక్ "అయ్యో" అని అరిచాడు. వదిన మాత్రం తొణకలేదు. ముక్కు కాస్త కిందికి వాల్చి, గాలికి ఎదురు తిప్పి, విమానాన్ని మెత్తగా గడ్డి మీద కూర్చోబెట్టింది.

"నెగ్గారు," అన్నాడు పర్యవేక్షకుడు ఆశ్చర్యంగా. "ఆగిన ఇంజిన్‌తో ఇంత నింపాదిగా దించడం ఎవరు నేర్పారండీ?"

వదిన మెకానిక్ భుజం మీద చెయ్యి వేసింది.

"మా మరిది. దగ్గరుండి రెండుసార్లు ప్రాక్టీసు చేయించాడు."