ముల్లు ఎక్కడుందమ్మా

కార్ల షెడ్డులో మెకానిక్కుగా చేసే కూతురికి అన్నం డబ్బా ఇచ్చేసి వెళ్ళిపోతానంటూనే వచ్చే ఆ తల్లి, డబ్బా ఖాళీ అయినా షెడ్డు గుమ్మం వదిలేది కాదు. పాత టైరు మీద కూర్చుని, జాకీ జారుతుందేమో, బ్యాటరీ పేలుతుందేమో, ఎవరైనా చూసుకోకుండా కారు వెనక్కి తీస్తారేమో అని కళ్ళు తిప్పుతూనే ఉండేది. అక్కడి మెకానిక్కులు ఆమెకు సైరన్ అని పేరు పెట్టారు. స్పానరు జారితే ముందు ఆమె కేక వినబడేది, ఆ తరవాతే స్పానరు చప్పుడు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో మిగతా మెకానిక్కులు లేరు. దారిలో ఆగిపోయిన వ్యాను కోసం ఓనరు వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కూతురితో అన్న మాట తల్లి చెవిన పడింది.

"ఈ అద్దె కారు ఏసీ రిపేరుకి రావడం ఇది రెండోసారి. మూడోసారి గనక ఈ గేట్లోకి వచ్చిందో, దాంతోపాటే నువ్వూ బయటికి నడువు."

పిల్ల పని పోతుందని తల్లికి భయం వేసింది. ఆ వెనకే, ఎవరికీ చెప్పుకోలేని చోట, చిన్న ఆశ కూడా మెదిలింది. పోతే పోనీ. పిల్ల ఇంటిపట్టున ఉంటుంది. తను కంటినిండా నిద్రపోతుంది.

"చల్లగా ఉంటుందనే కదా జనం నా కారెక్కేది?" అన్నాడు ఆ అద్దె కారు డ్రైవరు, మెడ తుడుచుకుంటూ. "ఇప్పుడు లోపల తడిబట్టలు ఆరేసుకోవచ్చు. సాయంత్రం బేరం ఉంది చెల్లెమ్మా, త్వరగా తేల్చు."

"తేలుస్తా అన్నా. నువ్వెళ్ళి సీట్లో కూర్చో."

కూతురు బానెట్ ఎత్తి, రెండు గొట్టాలు తగిలించి, వాటికున్న ప్రెషర్ గేజులు పక్కగా వేలాడదీసింది. తరవాత తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఇలా రా. ముందున్న ఈ జల్లెడలాంటిది చూశావా, ఇది కండెన్సర్. వేడెక్కిన గ్యాస్ ఇందులోకొచ్చి, గాలి తగిలి చల్లబడాలి. చల్లబడకపోతే ప్రెషర్ పెరిగిపోతుంది. గాలి ఆడక పెరుగుతోందా, గ్యాస్ ఎక్కువై పెరుగుతోందా అన్నదే తేలాలి. దీని మీద నీళ్ళు కొడతా. గేజ్ ముల్లు దిగితే గాలి ఆడట్లేదని. దిగకపోతే లోపల గ్యాస్‌లోనే తేడా."

"ప్రెషరంటే కుక్కర్లో ఉంటుందే, అంతా?"

"కుక్కరు దీని ముందు ఏపాటి?"

"అయ్యో దేవుడా!"

"అందుకే నీకేదీ చెప్పను. విను. నేను కింద కూర్చుని నీళ్ళు కొడితే నాకు గేజ్ కనబడదు. అన్న కాలు యాక్సిలరేటర్ మీద ఉండాలి, బానెట్ అడ్డం కాబట్టి అతనికీ కనబడదు. ఎర్ర గేజ్ నువ్వే చూడాలి. మూడొందల యాభై తాకితే ఆపమను. తాకకముందు కాదు. ఉన్నదే చెప్పు, నీ భయం కలపకు."

ఇంజిను మొదలైంది. ముల్లు రెండొందలు దాటి, రెండొందల యాభై దాటి, ఆగకుండా ఎక్కుతోంది. గొట్టం సన్నగా అదురుతోంది. మూడొందల ఇరవై. కూతురు నీళ్ళ పైపు తిప్పింది. కాలిన రేకు మీద నీళ్ళు పడి సుయ్యిమన్నాయి, తెల్లటి ఆవిరి లేచింది.

"ఆపండి! ఆపండి! యాభై దాటింది!"

డ్రైవరు ఠక్కున తాళం తిప్పాడు. కూతురు తడిచేతులతో లేచింది.

"నీళ్ళు కొట్టినా ఎక్కిందా?"

"ఎక్కింది."

"నిజంగా?"

"ఎక్కిందన్నానుగా!"

కూతురు నీళ్ళు కట్టేసింది. "గాలే ఆడట్లేదనుకున్నానే," అని గొణుక్కుంది. "నాకే తెలీలేదేమో. సరే, గ్యాసంతా తీసి మళ్ళీ నింపుదాం." గ్యాస్ మిషను లాక్కురావడానికి మూలకి నడిచింది. రోజూ విసురుగా నడిచే పిల్ల కాళ్ళీడుస్తోంది.

తల్లికి నిజం తెలుసు. తను ముల్లు చూడనేలేదు. సుయ్యిమన్నప్పుడే కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. ఈ కారు నాలుగు రోజులు తిరిగి మళ్ళీ ఇదే గేట్లోకి వస్తుంది. పిల్ల ఇంటికి వస్తుంది. తను చెయ్యాల్సిందేమీ లేదు, నోరు మూసుకోవడం తప్ప.

మిషను చక్రాలు గరగరమంటూ దగ్గరికొచ్చాయి.

"నేను చూడలేదు," అంది తల్లి.

"ఏంటి?"

"సుయ్యిమంది. పేలిందనుకుని కళ్ళు మూసుకున్నా."

"మరి యాభై అన్న అంకె ఎక్కణ్ణించి వచ్చింది?"

"నువ్వే కదే చెప్పావు, యాభై అయితే ఆపమని!"

డ్రైవరు ఫక్కున నవ్వబోయి, కూతురి మొహం చూసి దగ్గుగా మార్చేశాడు. కూతురు గ్యాస్ మిషన్ని పక్కకి నెట్టింది. తిట్టినా బాగుండేది.

"ఇంకోసారి చేద్దాం," అంది చివరికి.

"నా వల్ల కాదే. అన్నని చూడమను."

"అన్న చూస్తే యాక్సిలరేటర్ నువ్వు తొక్కుతావా?"

తల్లి గేజ్ ముందు నిలబడింది. రెండు చేతులూ కట్టుకుంది, కళ్ళ మీదికి పోకుండా.

"రెండొందల తొంభై," అని మొదలుపెట్టింది. "మూడొందలు. మూడొందల ఇరవై. చిన్నీ, ముప్పై అయింది."

"కొడుతున్నా."

మళ్ళీ సుయ్యిమంది. ఆవిరి మొహానికి కొట్టింది. తల్లి రెప్ప వెయ్యలేదు, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"ముల్లు ఎక్కడుందమ్మా?"

"నలభై."

ఆపమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. గొట్టం అదురుతోంది. ఆ గొట్టానికి బారెడు దూరంలో పిల్ల మొహం ఉంది.

"అమ్మా! ఎక్కడుంది?"

"నలభై ఐదు. ఉండు. ఆగింది. ఆగింది చిన్నీ. దిగుతోంది! ముప్పై. మూడొందలు. రెండొందల డెబ్భై!"

"ఆపన్నా!" కూతురి గొంతు ఖంగుమంది. "ఫ్యాను బానే తిరుగుతోంది. గాలికి అడ్డమేదో వెనకుంది."

బోల్టులు విప్పి, కండెన్సర్ని కాస్త ముందుకు వంచి, వెనకనున్న రేడియేటర్‌కీ దానికీ మధ్య సందులో వేలు పెట్టింది. దూదీ దుమ్మూ కలిసి అట్ట కట్టిన పొర ఒకే ముక్కగా ఊడివచ్చింది.

"ఎక్కడ తిప్పుతున్నావన్నా ఈ కారు?"

"దూది మిల్లు వాళ్ళకే. గేటు దగ్గరే గంటలకొద్దీ నిలబెడతా," అన్నాడు డ్రైవరు. "ఇన్నాళ్ళూ పరుపు మోస్తున్నానన్నమాట!"

సందంతా కడిగి, అన్నీ బిగించి, మళ్ళీ నడిపితే ముల్లు రెండొందల ఇరవై దగ్గర కుదురుగా నిలబడింది. డ్రైవరు అద్దాలెత్తుకుని, లోపల్నుంచే చెయ్యూపుతూ వెళ్ళిపోయాడు.

కూతురు నల్లా దగ్గర చేతులు రుద్దుకుంటూ, తల తిప్పకుండానే అడిగింది.

"నా పని పోవాలనే అలా చెప్పావా?"

"కాదు. భయమేసి చెప్పా." తల్లి డబ్బా మూత బిగించింది. "ఆ తరవాత మాత్రం, ఊరుకుంటే పోతుందిగా అనుకున్నా."

కూతురు తల తిప్పి తల్లి వైపు చూసింది.

"ఊరుకోలేదుగా," అని కూతురు నల్లా కట్టేసి, పక్క కారు బానెట్ ఎత్తింది.

తల్లి రోడ్డెక్కింది. ఆ కారిక తిరిగి రాదు. పిల్ల మాత్రం రేపు పొద్దున్నే షెడ్డుకి వస్తుంది, ఎల్లుండీ వస్తుంది. చేజేతులా తనే ఆ దారి వేసింది. వెనక్కి తిరిగి చూడకూడదనుకుని మూల మలుపు దాకా నడిచింది, ఆగకుండా.