గురువారం గంట

మోంత్రజాక్ ఊళ్ళో ఎవరు పోయినా గంట కొట్టేది ఒడెట్ ముసలమ్మే. మగమనిషికి మూడేసి దెబ్బలు, ఆడమనిషికి రెండేసి. మధ్యలో ఒక చిన్న ప్రార్థన చెప్పుకునేంత నిశ్శబ్దం. చర్చి గంటకి చావులూ పెళ్ళిళ్ళూ తప్ప వేరే పని లేదు. పెళ్ళిళ్ళు ఆ ఊళ్ళో ఎప్పుడో ఆగిపోయాయి.

తాడు లాగుతున్నంతసేపూ ఒడెట్ చెవి లోయ వైపే ఉండేది. కింద, ఏటి ఒడ్డున, ఫెర్నాన్ పొలం. అతని ట్రాక్టరు ఊరి రాళ్ళకన్నా పాతది, ఊరి కుక్కలన్నిటికన్నా పెద్ద గొంతు దానిది. గంట వినగానే అతను ట్రాక్టరు ఆపి టోపీ తీసేవాడు. ఇంజను చప్పుడు ఆగాకే ఒడెట్ తాడు వదిలేది. "ఆ చెవిటి మొద్దు విన్నాడంటే ఊరంతా విన్నట్టే" అనేది.

ఈ ఏడు వసంతంలో ఆమె గుండె అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. కొడుకు ఆమె మంచాన్ని కిటికీ పక్కకి జరిపాడు. అక్కణ్ణుంచి చర్చి తలుపు కనిపిస్తుంది. ఆ రోజే ఆమె మనవరాలు సొలేన్‌ని పిలిచి మంచం మీద కూచోబెట్టుకుంది.

"నాకు నువ్వు కొట్టాలి. విన్నావా? ఊరందరికీ నేను కొట్టాను. నాకు కొట్టేవాళ్ళు లేకుండా పోతే ఎంత నామర్దా."

సొలేన్ తలూపింది. ఆ పిల్లకి పదిహేనేళ్ళు. బళ్ళో టీచరు పేరు పెట్టి పిలిస్తే బల్ల మీద గీతలు చూస్తూ కూచునే రకం. కొత్తవాళ్ళెవరైనా పలకరిస్తే మాట గొంతులోనే ముడి పడిపోయేది. గంట కొట్టడం కష్టం కాదు, దానికి మాట అక్కర్లేదు గదా అనుకుంది.

కష్టమైంది తాళంచెవి. చర్చి తలుపుకి ఒక పలక వేలాడుతుంది: తాళంచెవి ఎదురింట్లో, నీలం కిటికీలు. ఆ ఇల్లు ఒడెట్‌దే. వేసవి మొదలు అక్టోబరు దాకా గురువారం గురువారం ఒక బస్సు వస్తుంది. పొద్దున కోటగోడల ఊళ్ళో సంత, మధ్యాహ్నం ఏటి పక్కన భోజనం, ఆ తరవాత గంటసేపు మోంత్రజాక్, సాయంత్రం గుహలు. దిగేవాళ్ళంతా తెల్లజుట్టు జంటలు, చేతికర్రలు, మెడలో కళ్ళద్దాల తాళ్ళు. ఇన్నేళ్ళూ వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి గోడ మీది బొమ్మలు చూపించింది ఒడెట్. "అదిగో దయ్యం, ఆత్మల్ని తూచే త్రాసుని వేలితో నొక్కుతోంది చూడండి. మా ఊరి మాంసం కొట్టువాడి ముత్తాత వాడు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆ పని సొలేన్ మీద పడింది. తలుపు తీసి, స్తంభం వెనక నిలబడి, వాళ్ళు వెళ్ళాక తాళం వేసి వచ్చేది.

"ఏం చెప్పావే వాళ్ళకి?" అని నాయనమ్మ అడిగేది.

"ఏం చెప్పలేదు."

"దయ్యం సంగతీ చెప్పలేదా? పాపం, వాడికీ నీలాగే సిగ్గనుకుంటారు."

జూన్‌లో ఒక గురువారం, గడ్డి టోపీ పెట్టుకున్న పెద్దాయన తాడు దగ్గర ఆగాడు. చాలా మెత్తటి మనిషి. "అమ్మాయీ, చిన్నప్పుడు మా ఊళ్ళో లాగేవాణ్ణి. ఒక్కసారి లాగనా?" అని అడిగాడు.

వద్దు అనే మాట సొలేన్ నాలుక దాకా వచ్చింది. అక్కడే ఇరుక్కుపోయింది. ఆయన ఆ మౌనాన్ని సరేననుకున్నాడు. రెండు దెబ్బలు కొట్టాడు. ఆయన భార్య నవ్వుతూ, "ఏదీ, నన్నూ చూడనీ" అని తనూ రెండు కొట్టింది.

కింద లోయలో ట్రాక్టరు ఆగిపోయింది.

ఆ పిల్ల చర్చికి తాళం వేసి ఇంటికొచ్చేసరికి గుమ్మం నిండా మనుషులు. బురద బూట్లతో ఫెర్నాన్, చేతిలో గులాబీలు. రొట్టెల బండి జిసెల్, ముక్కు తుడుచుకుంటూ. వాళ్ళ వెనక ఇరుగుపొరుగు. మంచం మీద ఒడెట్ ముసలమ్మ వెల్లుల్లి సూపు తాగుతూ వాళ్ళవైపు చూసింది.

"ఎవరర్రా పోయింది?"

ఫెర్నాన్ టోపీ నలిపాడు. "నువ్వే అక్కా."

ముసలమ్మ చెంచా కింద పెట్టి గులాబీల వంక చూసింది. "నాలుగు పూలా? నీ మేక చచ్చినా ఇంతకంటే ఎక్కువ కోస్తావు గదరా."

ముందు జిసెల్ నవ్వింది, తరవాత ఏడ్చింది. ఫెర్నాన్ కుర్చీలో కూలబడి, వచ్చిన దారి వృథా పోనివ్వకుండా ఒక గ్లాసు వైన్ తాగి వెళ్ళాడు. అందరూ వెళ్ళాక ఒడెట్ ముఖంలో నవ్వు దిగిపోయింది.

"ఎందుకు ఆపలేదే?"

"నోరు రాలేదు నాయనమ్మా."

"నోరు దానంతటది రాదు పిల్లా. ఈడ్చుకు రావాలి." దుప్పటి అంచు సర్దుకుంది. "నా గంట నేనే విన్నాను. పరవాలేదు. కాస్త తొందరపడ్డారంతే."

అక్కడితో పోతే బావుండేది. జూలైలో ఇంకో బస్సువాళ్ళు, ఆగస్టులో మరొకళ్ళు. సొలేన్ తాడుని ఎత్తుగా మేకుకి చుట్టి పెట్టినా, స్తంభం వెనక్కి వెళ్ళేలోపు ఎవరో ఒకరు విప్పేవాళ్ళు. ఊరు కూడా నేర్చుకుంది. గురువారం గంట మోగితే ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. జిసెల్ రొట్టెలు తూస్తూనే ఉండేది. ట్రాక్టరు దున్నుతూనే ఉండేది.

"అక్కా, ఏ రోజైనా పో గానీ గురువారం మాత్రం పోకు" అన్నాడు ఫెర్నాన్, అక్రోట్లు ఇవ్వడానికొచ్చి. "ఎవడూ నమ్మడు."

"నీ ట్రాక్టరుని అడిగి పోవాలా నేను?"

అతను పగలబడి నవ్వుతూ వెళ్ళాడు. అతని బూట్ల చప్పుడు మలుపు తిరిగేదాకా ఒడెట్ కూడా నవ్వింది. తరవాత మనవరాలి చేయి పట్టుకుంది.

"నా గంటకి ఆగుతాడు కదే?" అని అడిగింది.

"ఆగుతాడు నాయనమ్మా."

అక్టోబరు సెలవుల్లో, ఆ ఏటికి ఆఖరి బస్సు వచ్చే గురువారం, ముసలమ్మ మధ్యాహ్నం రెండు చెంచాల సూపు తాగి చాలంది. కిటికీ తెరవమంది. "వాళ్ళ అడుగులు వినబడనీ" అంది. బస్సు కొండ మలుపు ఎక్కుతున్న చప్పుడు విని సొలేన్ పొయ్యి పక్క మేకు మీది తాళంచెవి అందుకుంది. వస్తానని చెప్పడానికి వెనక్కి తిరిగింది. నాయనమ్మ తల చర్చి వైపు వాలి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చేయి ఇంకా వెచ్చగానే ఉంది.

తాతయ్య పోయినప్పుడు నాయనమ్మ ఏమేం చేసిందో సొలేన్‌కి గుర్తుంది. తనూ అలాగే నాయనమ్మ కళ్ళు మూసింది. గోడ గడియారం లోలకాన్ని వేలితో ఆపింది. నాన్న పనిచేసే జున్ను కార్ఖానాకి ఫోన్ చేసి చెప్పింది. వెంటనే బయల్దేరుతున్నానని, వచ్చేసరికి గంటపైనే పడుతుందని అన్నాడు నాన్న. ఇంతలో తలుపు చప్పుడైంది. వానకోటు వేసుకున్న ఒకావిడ.

"తాళంచెవి ఇక్కడేనా అమ్మా?"

సొలేన్ మాట్లాడకుండా వాళ్ళ ముందు నడిచి చర్చి తలుపు తీసింది. స్తంభం వెనక్కి వెళ్ళలేదు. నేరుగా వెళ్ళి మేకు మీంచి తాడు విప్పింది.

రెండు దెబ్బలు. ప్రార్థన పట్టేంత నిశ్శబ్దం. మళ్ళీ రెండు.

బస్సువాళ్ళు చుట్టూ మూగారు. ఫోన్లు పైకి లేచాయి. "చూశావా, ఇక్కడ ఇంకా చేత్తోనే కొడుతున్నారు" అని ఎవరో మురిసిపోయారు. సొలేన్ చెవి లోయ వైపు పెట్టింది. ట్రాక్టరు దున్నుతోంది. మళ్ళీ రెండు కొట్టింది. ట్రాక్టరు చివరిదాకా పోయి, తిరిగి, కొత్త చాలు మొదలుపెట్టింది. బయట రొట్టెల బండి దగ్గర్నుంచి జిసెల్ గొంతు వినిపించింది. "తాడు వాళ్ళ చేతికివ్వద్దని ఎన్నిసార్లు చెప్పాలే పిల్లా."

ఒడెట్ ముసలమ్మ గంట మోగుతోంది, ఊరు వింటోంది, ఎవరూ లేవడం లేదు.

సొలేన్ తాడు వదిలేసింది. వానకోటావిడ ముందుకొచ్చి, "నేనూ ఒకసారి లాగొచ్చా?" అంది.

"వద్దు."

ఆ మాట పైకప్పుకి తగిలి మళ్ళీ కిందికొచ్చింది. తన గొంతేనా అని సొలేన్‌కే అనుమానం వచ్చింది. "ఇది మా నాయనమ్మ గంట. ఇప్పుడే పోయింది. ఎదురింట్లో ఉంది."

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. వానకోటావిడ తల మీది ముసుగు వెనక్కి తీసింది. ఎవరూ చెప్పకుండానే వాళ్ళంతా బల్లల మీద కూచున్నారు.

సొలేన్ అక్రోటు చెట్ల మధ్య బాటలో పరుగెత్తింది. పొలంలో ఫెర్నాన్ ఆమెని చూసి, ట్రాక్టరు దిగకుండానే అరిచాడు. "చెప్పు ఆ టోపీలవాళ్ళకి, ఫెర్నాన్ ఇక మోసపోడని."

ఆమె వెళ్ళి చాలులో, చక్రాల ముందు నిలబడింది. అతను బ్రేకు వేసి ఆమె ముఖం చూశాడు. ఇంజను ఆపడానికి చేయి చాచాడు, ఆపకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పుడు?"

"ఇందాక. గంట కొట్టాను."

"విన్నాను పిల్లా." టోపీ తీయబోయి, తీయలేక, దాన్ని కళ్ళ మీదికి లాక్కున్నాడు. "విని కూడా నవ్వుకున్నాను. ఈ అక్క ఇంకోసారి చచ్చిందిరా అని."

ఇంజను ఆగకుండా నడుస్తూనే ఉంది.

"పైకి వెళ్ళు" అన్నాడు ఫెర్నాన్. "మళ్ళీ మొదట్నుంచి కొట్టు. నేనిక్కడే దున్నుతుంటాను. ఇప్పుడు ఊరికే ఆపేస్తే ఆవిడ ఒప్పుకోదు. గంటకే ఆగాలి."

సొలేన్ ఎక్కుతూ దారిలో ప్రతి తలుపూ తట్టింది. ఎప్పుడూ పలకరించని ఇళ్ళు కూడా. తలుపు తీసినవాళ్ళ కళ్ళలోకి చూసి, "మా నాయనమ్మ పోయింది, ఇందాకటి గంట నిజమైనదే" అని చెప్పింది. ప్రతి గుమ్మంలోనూ అవే మాటలు. ప్రతిసారీ కొత్తగానే నొప్పి పుట్టింది. జిసెల్ రొట్టె చేతిలో పట్టుకుని అలాగే బండి మెట్టు మీద కూచుండిపోయింది.

బస్సువాళ్ళు ఇంకా బల్లల మీదే ఉన్నారు. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. ఎవరో బయటికెళ్ళి అతన్ని ఆపారు.

సొలేన్ తాడు పట్టుకుంది. తెరిచిన తలుపులోంచి ఎదుటి నీలం కిటికీ కనిపిస్తోంది. కింద ట్రాక్టరు దున్నుతోంది.

రెండు దెబ్బలు కొట్టింది.

లోయలో చప్పుడు ఆగింది. ఏరు వినబడేంతగా ఆగింది.

నాయనమ్మయితే ఇక్కడ తాడు వదిలేసేది. సొలేన్ వదల్లేదు. ప్రార్థన పట్టేంతసేపు ఊరుకుని, మళ్ళీ లాగింది.